కిటికీకి అడ్డమొచ్చిన తీగ

పాలు పొంగకముందే అత్తగారు బాల్కనీలో చేరిపోయారు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండని ఆ బాల్కనీలో సగం మూడు బియ్యం సంచులవే. సంచుల నిండా మట్టి, మట్టి మీద చిలగడదుంప తీగలు. నాలుగు నెలల క్రితం ఒక్క దుంపను గ్లాసుడు నీళ్ళలో నిలబెట్టి, వచ్చిన పిలకల్ని తుంచి నాటారావిడ. ఇప్పుడవి కటకటాల మీదుగా పాకి కిటికీని సగం కప్పేశాయి.

ఆ కిటికీ కిందే కోడలి కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫాంలు నలభై జతలు శనివారానికి ఇచ్చేయాలి. ఆ మసక వెలుతురులో ఒక చొక్కాకి జేబు తిరగేసి కుట్టేసింది. విప్పబోతే గుడ్డ చిరిగింది. దాంతో ఉన్న కాస్త ఓపికా పోయింది.

"అత్తయ్యా! ఆ తీగలు తీసేయమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంకొక్క వారం ఆగమ్మా."

"నెల నుంచీ అదే వారం! దుంపలు కొట్లో దొరకవా?"

"దొరుకుతాయి. ఇవి వేరు."

"ఏం, బంగారం కాస్తాయా?"

"అమ్మా, పోనీ ఆ తీగ కాస్త..." అని కొడుకు నోరు తెరిచాడు. ఇద్దరూ ఒక్కసారే అతని వైపు చూశారు. "ఎక్కడో లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారట" అంటూ పనిముట్ల సంచి తీసుకుని జారుకున్నాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఇంట్లో ఇరుక్కున్నది తానేనని ఆ లిఫ్టు మెకానిక్కుకి బాగా తెలుసు.

అత్తగారు స్నానానికి వెళ్ళారు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ దుత్త లేదు, తీగ ఉంది. కాగితం కూడా కోయనివ్వని తన గుడ్డ కత్తెరతోనే కోడలు మూడు సంచుల తీగల్నీ మొదలంటా కోసిపారేసింది. గది నిండా వెలుతురు పడింది. ఆ వెలుతురులో తన చేతికంటిన పాలజిగురు చూసుకునేసరికి ఏడుపొచ్చింది.

అత్తగారు తడి జుట్టుతో వచ్చి చూశారు. వంగి, తెగిన తీగ ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"తిట్టండి అత్తయ్యా."

"ఎందుకమ్మా? తవ్వే ముందు తీగ కోయాల్సిందే. నాలుగు రోజులు అలా వదిలేస్తే లోపల దుంపల తోలు గట్టిపడుతుంది. పెంచినదాన్ని కదా, నాకే చేతులు రాక వాయిదా వేస్తున్నాను." కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నావు. మీ అమ్మ పెరట్లో తవ్విన చిలగడదుంప ఉడకబెట్టి నీ బడి సంచిలో పెట్టేదని, కొన్నవాటికి ఆ రుచి లేదని. నీకు పెరడెక్కడ తెచ్చివ్వను? సంచిలో పట్టినంత ఇద్దామనుకున్నాను."

ఆ మాట అన్నట్టు కోడలికే గుర్తులేదు. అమ్మ పోయి పదమూడేళ్ళు. తను ఎప్పుడో అని మరిచిపోయిన మాటని ఒక మనిషి ఇన్నేళ్ళు దాచిపెట్టుకుందా! అత్తగారి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

యూనిఫాంలు ఇచ్చేసిన మర్నాడు ముగ్గురూ పాత దుప్పటి పరిచి సంచులు బోర్లించారు. మొదటిదాంట్లో అన్నీ దారాల్లాంటి వేర్లే. "పోన్లే, కుట్టుకోవడానికి పనికొస్తాయి" అన్నాడు కొడుకు. రెండోదాంట్లో వేలెడంతవి రెండు. మూడోదాంట్లో ఎర్రగా, బలంగా ఆరు.

"పది రోజులు ఆరితే తీపెక్కుతాయి" అన్నారు అత్తగారు.

"అప్పటిదాకా నేనాగలేను" అని కోడలు ఒకటి ఉడకబెట్టేసింది. వేడివేడిగా విరిచి మొదటి ముక్క ఆవిడ నోట్లోనే పెట్టింది. తన ముక్క నోట్లో పడగానే కళ్ళు మూసుకుంది.

"మీ అమ్మ పెట్టినట్టుందా?"

"లేదత్తయ్యా. మీరు పెట్టినట్టుంది."

తర్వాత మిషను వెనక నుంచి ఒక గ్లాసు తీసుకొచ్చింది. అందులో ఆ రోజు తను కోసిన తీగ ముక్కలు నాలుగు, నీళ్ళలోకి తెల్లటి వేళ్ళు దించుకుని ఉన్నాయి.

"పారేయడానికి నాకూ చేతులు రాలేదు."

"మరి నీ వెలుతురో?"

"మిషనుకి చక్రాలు వేయిస్తాను. జరగాల్సింది అది, తీగ కాదు."