అమావాస్య నాటి మగ్గం చప్పుడు

యేసన్న చనిపోయిన తీరు చూసినవాళ్లకు ఆ రోజు అన్నం సహించలేదు. కదిరి బస్టాండులో, పట్టపగలు, సిమెంటు బెంచీ మీద టీ తాగుతున్నట్టే కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది, చుక్క ఒలకలేదు. ధర్మవరం బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. మనిషి లేవలేదు. కండక్టరు భుజం తట్టి, "ఏమప్పా, వస్తావా రావా?" అని అడిగితే పక్కకు ఒరిగిపోయాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రచుక్క. అంతే.

ఊరికి అతను ఆటో తోలేవాడు. ఢిల్లీలో కొందరికి మాత్రం ఏజెంట్. చావడానికి కాస్త ముందు అనంతపురానికి ఫోన్ చేసి, "ఎరుపు మీద ఎరుపు సార్" అన్నాడు. ఆ పైన లైన్ కట్.

ఆ మాటను పట్టుకుని గెస్ట్‌హౌస్ గదిలో తలుపు బిగించుకుని కూర్చున్నాడు గంగాధర్. రాయలసీమ ఆపరేషన్లన్నిటికీ ఆయనే చీఫ్. ఎదురుగా హేమలత. ధర్మవరం మగ్గాల వీధిలో పుట్టిన పిల్ల, ఇప్పుడు డిపార్ట్‌మెంట్‌లో ఫీల్డ్ ఏజెంట్. పక్క కుర్చీలో సునంద. బెంగళూరులో సిల్క్ ఎక్స్‌పోర్టర్, ఆ ముసుగులో డిపార్ట్‌మెంటుకు ఇన్ఫార్మర్. ఆమె గదిలోకి వస్తే ఫ్యాను గాలికి కూడా సెంటు వాసన అంటుకునేది, అంత సోకు.

"ఈ ఏడు మొదట్లో ఆ చలిదేశం బొమ్మల గలాటా గుర్తుండాదా హేమా?" అన్నాడు గంగాధర్.

"ఉంది సార్. ఎక్కడో పత్రికలో బొమ్మలు వేస్తే, ఎడారి దేశాల అంగళ్లలో ఆ దేశం వెన్న డబ్బా ఎవరూ ముట్టలేదు."

"వెన్నతో పోలేదమ్మా. రాయబారులు వెనక్కి పోయినారు. ఎంబసీలు తగలబడినాయి. అది చూసి పాఠం నేర్చుకున్న ముఠా ఒకటుండాది. గ్యాస్ అమ్ముకునే ఇంకో దేశం వాళ్లకు దుడ్లిస్తాంది. రేపు ఎడారి దేశం మంత్రి లేపాక్షి చేనేత మేళాకు వస్తాడు. ఎల్లుండి బెంగళూరులో మనతో గ్యాస్ ఒప్పందం. ఆ సంతకం పడకుండా చేయాల, అదీ వాళ్ల ప్లాన్. బాంబు అక్కరలేదు వాళ్లకు. మన గడ్డ మీద ఆయన మతానికి ఒక్క అవమానం జరిగి, అది టీవీలో పడితే చాలు."

"రేపు అమావాస్య కదా సార్?"

"ఢిల్లీ వాళ్లు పంచాంగం చూస్తారామ్మా?"

సునంద నవ్వింది. "ధర్మవరం మొత్తం నేను స్కాన్ చేశాను. అంతా క్లీన్. హేమలత లేపాక్షిలో ఉంటేనే మంచిది."

"ఒకసారి ధర్మవరం వీధులు తిరిగి లేపాక్షికి పో," అన్నాడు గంగాధర్ హేమలతతో. "ఇక కోడ్. శత్రువు పక్కనే ఉంటే, 'వానొచ్చేట్టుంది' అను."

అనంతపురంలో, వైశాఖ మాసంలో, వాన. ఆ కోడ్ పెట్టినవాడికి దండం పెట్టాలి.

హేమలత పైకి నవ్వింది కానీ మనసు చెల్లెలి మీదికి పోయింది. ఆ మంత్రి దేశంలోనే, ఎవరో షేకు ఇంట్లో, సరళ వంట చేస్తోంది. మగ్గాలు మూలపడ్డాక కదిరిలో వీసాలు అమ్మే ఏజెంటు పంపిస్తే పోయిన పిల్ల. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. రేపు ఆ దేశం భగ్గుమంటే సరుకులు మానేయడం దగ్గరే ఆగుతుందా? తలుపులు మూసిన ఇంట్లో, కోపంతో ఊగే వీధి నడుమ, ఇండియా పిల్ల అని వేలు చూపిస్తే ఆ పిల్ల ఎక్కడికి పరుగెత్తాలి? కదిరి చుట్టుపక్కల అలాంటి పిల్లలు ఇంటికొకరు ఉన్నారు.

మరుసటి పొద్దున హేమలత ధర్మవరంలో దిగింది. పాత పట్టుచీరలు కొని జరీ కరిగించే మనిషి వేషం. నెత్తిన మూట, చేతిలో ఇనుప తక్కెడ. లిప్‌స్టిక్‌లో టార్చి, గాజులో కెమెరా, అవన్నీ డిపార్ట్‌మెంటు ముచ్చట్లు.

వీధులు చచ్చిపోయినట్టున్నాయి. ధర్మవరంలో మగ్గం అమావాస్యకు ముట్టరు. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెడతారే గాని నేయడానికి కాలి పలక తొక్కరు. ఏ ఇంట్లోనైనా చప్పుడు వినిపిస్తే పెద్దవాళ్లు చెప్పు తీసుకుని వస్తారు. అందులోనూ ఆ రోజు వీధి వీధంతా మేళా బస్సులెక్కుతోంది. ఇళ్లకు తాళాలు. కుక్క కూడా మొరగని ఎండ. అలాంటి నిశ్శబ్దంలో నడుస్తూ హేమలత ఆగిపోయింది.

టక్... టకటక్... టక్.

మగ్గం.

ఈ ఊరివాళ్లు కాదు. ఈ ఊరి ఆచారం తెలిసినవాళ్లూ కాదు. పని ముగించే తొందరలో ఉన్నవాళ్లు. చప్పుడు వీధి చివర, రేకుల షెడ్డు నుంచి వస్తోంది. వెనక్కి తిరిగి పోదామా అని కాళ్లు అడిగాయి. సరళ గుర్తొచ్చింది. కాళ్లను బతిమాలి ముందుకు నడిపించింది.

రేకు సందులో కన్ను పెట్టి చూసింది. తెల్లబొచ్చు గడ్డం మనిషి ఒకడు, ఎవరో పరాయివాడు, మగ్గం మీది గుడ్డను కోస్తున్నాడు. మనిషి నడిచేంత వెడల్పు, వీధి పొడుగు ఎర్రపట్టు చుట్ట. చుట్టి పక్కన పెట్టి వెనక వాకిట్లోకి బీడీ కాల్చుకోను పోయాడు. హేమలత లోపలికి దూరింది. గుడ్డ మామూలుగానే ఉంది. లిప్‌స్టిక్ టార్చి వేసి ఏటవాలుగా పట్టింది.

ఎర్ర నేత మీద ఎర్ర పోగుతోనే అక్షరాలు. ఉత్త కంటికి కనిపించవు. వెలుగు అడ్డంగా పడితే మాత్రం తళుక్కుమంటున్నాయి. ఎడారి దేశం వాళ్లు ఒళ్లు కడుక్కుని గాని నోట పలకని పేరు అది. అడుగడుగునా ఆ పేరే.

"కెమెరా ఫ్లాష్ పడితే ఇంకా బాగా కనిపిస్తుంది," అంది వెనక నుంచి ఓ గొంతు.

సెంటు వాసన ముందే వచ్చింది. పిస్టల్ తర్వాత వచ్చింది. సునంద.

"ఎర్ర తివాచీ బదులు ధర్మవరం పట్టు పరుద్దామన్న ఐడియా కూడా నాదే. మంత్రి బూటు కింద ఆ పేరు, లైవ్‌లో. సాయంత్రానికి మీ బియ్యం, మీ మందులు, మీ మనుషులు, అన్నీ బాయ్‌కాట్."

"యేసన్నను చంపింది నువ్వా?"

సునంద కొప్పులోని పొడుగాటి పిన్ను తాకి చూపించింది. "అతనికి నొప్పి తెలియలేదు. నీకు తెలుస్తుంది, టైమ్ ఉంది కదా."

ఆమె, గడ్డం మనిషి కలిసి ఫోను లాక్కుని, మూటతో సహా హేమలతను రంగులు కాచే గదిలోకి తోసి గడియ వేశారు. పొయ్యి మీద రంగు కాగు, కింద నిండా బొగ్గులు. కిటికీకి గోనె కుక్కారు. పట్టు చుట్టను ఎక్కించుకుని కారు వెళ్లిన చప్పుడు వినబడింది.

పొగ గొంతులో పడింది. హేమలత ఏడ్చింది. ఏజెంట్లు ఏడవరంటారు, అదంతా ఉత్తమాట. ఊపిరి ఆడనప్పుడు ఎవరైనా అమ్మా అనే అంటారు. దగ్గుతూనే నేల మీద తడుముకుంది. మూట చేతికి తగిలింది, అందులో తక్కెడ. దాని ఇనుప కాడను తలుపు మడతబందు సందులో దోపి ఒళ్లంతా బరువు వేసింది. మేకు కిర్రుమంది. మళ్లీ వేసింది. తలుపు ఒక పక్కకు వాలింది. ముసలి మేకులు, వాటికి పుణ్యముంటుంది.

వీధి చివర ఎస్టీడీ బూత్ తెరిచే ఉంది. గంగాధర్ నంబరు మోగదే. మంత్రి వస్తున్నాడని లేపాక్షిలో సెల్ ఫోన్లన్నీ జామర్లతో నోరు నొక్కేశారు. కంట్రోల్ రూముకు చేద్దామా? సునంద చెవి అక్కడ కూడా ఉంటే?

మేళాకు పోయే చివరి బస్సు కదులుతోంది. పరుగెత్తి ఎక్కింది.

"యాడికమ్మే, ఒళ్లంతా మసి పూసుకోని?" అంది పక్క సీటు అవ్వ. ఓబమ్మ ఆమె పేరు, నోరు ఇంజనుతో పోటీ పడుతోంది.

"లేపాక్షికే అవ్వా."

"చీరలు కొనేదానివా? నా పాత చీరకు జరీ యాడుండాదిలే, ఉండేదంతా నా మొగుడు తాగేసినాడు."

బస్సంతా నవ్వింది. హేమలతకు నవ్వు రాలేదు. డ్రైవరు మెల్లగా పోతున్నాడో, తన గుండె వేగంగా పోతుందో తెలియలేదు. రోడ్డు పక్క వేరుశనగ చేలు దున్ని వదిలేసి ఉన్నాయి, ఎర్రగా. ఎక్కడ చూసినా ఆ ఎరుపే. ఆపాలి సరే, ఎలా ఆపాలి? గుడ్డలో ఆ పేరుందని అరిచిందా, కెమెరాలన్నీ గుడ్డ మీదికి దూకుతాయి. ముఠా చేయాల్సిన పని తానే చేసినట్టవుతుంది. నిజం చెప్పడానికి లేదు. అదే అన్నిటికన్నా భయం.

ముందు సీటులో ఒక కొత్త కోడలి పట్టు కొంగు జారి కాళ్ల కింద పడింది. ఓబమ్మ ఊరుకోలేదు. "ఏమ్మే, కండ్లు యాడ పెట్టినావు? పట్టు కాలికింద పడె. తీసి కండ్లకద్దుకో. మగ్గాల తల్లి చౌడేశ్వరమ్మ చూస్తాంటాది." ఆ పిల్ల గబగబా కొంగు తీసి కళ్లకు అద్దుకుంది.

హేమలత ఓబమ్మ వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

లేపాక్షి పెద్ద నంది ముందు మైదానం కిటకిటలాడుతోంది. కార్లు ఆగేచోటు నుంచి వేదిక దాకా ఎర్రపట్టు పరిచేశారు. రెండు పక్కలా టీవీ కెమెరాలు. వేదిక దగ్గర ఆకుపచ్చ పట్టుచీరలో సునంద, చేతిలో దండ. ఆమె పక్కనే గంగాధర్, ఏమీ తెలియక. హేమలత తాడు దాటబోతే కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"పాసుండాదా?"

"పెద్దసారుతో ఒక్క మాట అన్నా."

"మసి కడుక్కోని రాపో."

సైరను వినబడింది. నల్లకారు ఆగింది. తలుపు తెరుచుకుంది. మెరిసే బూటు ఒకటి బయటికి వచ్చింది.

హేమలత వెనక్కి తిరిగి, బస్సు దిగి వెంటే వచ్చిన ఓబమ్మ చెయ్యి పట్టుకుంది. "అవ్వా, చూస్తాండావా? ఆ దొరలు చెప్పులేసుకోని మన పట్టు తొక్కుకుంటా వస్తారంట."

"ఎవురు చెప్పినారు?"

"అదో, పరిచినారు గదా."

ఓబమ్మ చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది. కానిస్టేబులు లాఠీని గడ్డిపరకలా పక్కకు నెట్టింది. "లేయండే! మగ్గం మింద అమ్మవారు కూర్చుండే గుడ్డ, బూట్లతో తొక్కేదా? అందులోనూ అమావాస్య పూట!"

బస్సులు బస్సుల ఆడవాళ్లు లేచారు. పోలీసులు ఎవరినని ఆపుతారు? బూటు గుడ్డకు జానెడు ఎత్తులో ఉండగా ఓబమ్మ ఎదురుగా నిలబడి చెయ్యెత్తింది.

"ఆగప్పా."

మంత్రి కాలు గాలిలోనే ఆగింది. ఆడవాళ్లు రెండు పక్కలా వంగి, పట్టును కళ్లకద్దుకుంటూ చుట్టసాగారు. ఫ్లాషులు పడుతున్నాయి. కెమెరాలకు దొరికింది మాత్రం ఆడవాళ్ల వీపులు, కొప్పులు.

దుబాసీ చెమటలు కక్కుతూ ఏదో చెప్పాడు. మంత్రి విన్నాడు. ఓబమ్మను చూశాడు. వంగి బూట్లు విప్పేశాడు. అనంతపురం ఎండకు కాగిన మట్టి మీద వట్టికాళ్లతో, చుర్రుమంటున్నా నవ్వుతూ, గబగబా వేదిక దాకా నడిచాడు. మైదానం చప్పట్లతో మోగింది.

అంతటితో పోయిందా? పోలేదు. ఆయనకు ఆ గుడ్డ తెగ నచ్చింది. ఇంత గౌరవించే పట్టును తన దేశానికి పట్టుకుపోతానన్నాడు.

"తప్పకుండా సర్," అంది సునంద చటుక్కున. "చుట్ట విప్పి చూపించండమ్మా, ప్రెస్ వాళ్లు కూడా చూస్తారు."

విప్పితే ఆ అక్షరాలు కెమెరాలకు దొరుకుతాయి. హేమలతకు మాట పెగలలేదు. ఓబమ్మకు మాత్రం ఎప్పుడూ పెగలకుండా ఉండదు.

"నేల తగిలిన గుడ్డ చుట్టానికి పెడతామా? ఏ ఊరు తల్లీ నీది? ఆయప్పకు కొత్తది నేసి పెడతాం. ఇది యేట్లో కలిపేస్తాం, నీళ్లుంటే."

ఈ గొడవలో హేమలత వేదిక ఎక్కేసింది. మసిమొహం చూసి సునంద పాలిపోయింది. దండ కింద ఆమె చెయ్యి కొప్పు వైపు పాకింది. హేమలత స్నేహితురాలిలా ఆ మణికట్టు పట్టుకుని, ఎముక నలిగేలా బిగించింది.

"సార్," అంది గంగాధర్‌తో. "వానొచ్చేట్టుంది."

దుబాసీ తలెత్తి తెల్లటి ఆకాశం చూసి, ఎందుకైనా మంచిదని మంత్రికి కూడా చెప్పాడు. గంగాధర్ ఆకాశం చూడలేదు. సునంద రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఆమెను నవ్వుతూ వేదిక దించి జీపెక్కించారు. షెడ్డులోని గడ్డం మనిషి పొలిమేర దాటకముందే దొరికాడు. చుట్ట ఎవరూ చూడకుండా గౌరవంగా నీళ్లలో కలిపారు. నీళ్ల కోసం మాత్రం కర్ణాటక దాకా పోవాల్సి వచ్చింది.

ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. రెండు దేశాల పేపర్లలోనూ మంత్రి వట్టికాళ్ల ఫొటో. తర్వాతి శుక్రవారం సరళ ఫోన్ చేసింది. గొంతు వినగానే హేమలత గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"బాగుండావా?"

"బాగా యాడక్కా. టీవీలో మన లేపాక్షి గలాటా చూసినప్పటి నుంచి మా మేడమ్‌కు పట్టంటే భక్తి పట్టుకునింది. ఇంట్లో ఉండే పట్టు పరుపులు, దిండ్లు, తెరలు, అన్నీ దినమూ నా చేత చేత్తోనే ఉతికిస్తాంది. నడుము ఇరిగిపోయింది. ఎవురో గాని ఆ గలాటా లేపినోళ్లు, వాళ్ల నోట్లో మన్ను పొయ్య."

హేమలత గొంతు సర్దుకుంది. "ఎవురో పనీపాటా లేనోళ్లులేమ్మా," అంది.