‘తర్వాత’ గడి

వీధంతా ఆమెను పార్లరక్క అంటుంది. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. అదేంటండీ అంటే, “నా తల నీ చేతిలో పెట్టాక ఇంకేమని పిలవను తల్లీ” అని నవ్వుతారు. పైన ఇల్లు, కింద కొట్టు. కొట్టంటే ఒకటే గది. రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం, మూలన తల కడిగే తొట్టి. లోపలికి అడుగుపెడితే రంగు ఘాటు, తడి జుట్టు వాసన కలిసి ముక్కుకి కొడతాయి.

పని చెయ్యడం ఆమెకు కష్టమే కాదు. చేసిన పనిని పదిమందికీ చూపించడమే ప్రాణం మీదికొచ్చేది. ఫొటోలకొక చోటు, వీడియోలకొక చోటు, వీధివాళ్ళంతా ఉండేదొకటి, చుట్టాలంతా ఉండేదొకటి. అన్నిట్లోనూ విడివిడిగా పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. లారీ నడిపే మొగుడు ఈమధ్య లోడుతో వెళ్తూ ఫోన్‌లో ఒక యాప్ వేసిపెట్టాడు. “ఒక్కసారి నొక్కు, అన్నిచోట్లా అదే పడుతుంది. ఇక నన్ను చంపకు” అన్నాడు.

అందులో రెండు గళ్ళుంటాయి. ఒకటి ‘ముందు’, ఒకటి ‘తర్వాత’. వచ్చినప్పుడు జుట్టెలా ఉందో, వెళ్ళేటప్పుడు ఎలా ఉందో పెట్టాలి. కానీ వచ్చినవాళ్ళు రెండో ఫొటోకి ఆగితే కదా! తలారకముందే పరుగో పరుగు. ఒకరోజు విసుగొచ్చి రెండో గడి ఖాళీగానే వదిలి పంపేసింది. ‘తర్వాత గడి ఖాళీగా ఉంది. మేమే నింపమంటారా?’ అని అడిగింది యాప్. “నింపవే తల్లీ, నీకు పుణ్యముంటుంది” అని ‘సరే’ నొక్కింది. ఇంకా కత్తెరైనా పట్టుకోలేదు... గడిలో ఆ మనిషి కొత్త జుట్టుతో ప్రత్యక్షం. కత్తిరించాక చూసుకుంటే అచ్చం అలాగే వచ్చింది. పార్లరక్క మురిసిపోయింది. అప్పట్నుంచీ అదే అలవాటైపోయింది.

ఒక్కసారి మాత్రం తేడా కొట్టింది. టీచరమ్మ ఒకావిడ చివర్లు సరిచేస్తే చాలంది. గడిలోనేమో చెవుల దాకా కురచ జుట్టు! ‘దీనికి మతి పోయింది’ అనుకుని పని మొదలుపెట్టిందా... కత్తెర జారింది. సరిచెయ్యబోతే ఇంకా పోయింది. చివరికి చెవుల దగ్గర తేలింది. ఆవిడ నానా మాటలూ అని వెళ్ళింది. తిట్ల బాధలో పార్లరక్కకు ఆ ఫొటో సంగతే తట్టలేదు. తట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆ సాయంత్రం వాన. బ్యాంకు మేడమ్ తలకి రంగు పట్టించుకుని, ప్లాస్టిక్ టోపీతో ఒక కుర్చీలో కూర్చుని ఉంది. రెండో కుర్చీలో బుడంకాయ్. పార్లరక్క ఒక్కగానొక్క కూతురు. ఒకటో తరగతి. మాటలు మాత్రం ముసలమ్మవి.

“మా ఇంటికొచ్చేస్తావే బుడంకాయ్? మీ అమ్మనొదిలేసి?” అంది మేడమ్.

“మీ ఇంట్లో కుక్కుందా?”

“లేదు.”

“అయితే రాను” అని మూతి తిప్పుకుంది. మేడమ్ పడీపడీ నవ్వింది.

“అమ్మా, నాక్కూడా కటింగ్ చెయ్యి. నాక్కూడా ఫొటో పెట్టు” అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరు. సరేనని పార్లరక్క మెడకి గుడ్డ కట్టింది, ‘ముందు’ ఫొటో తీసింది. చేతులకి రంగు. చిటికెనవేలితో పంపేసింది. ‘నింపమంటారా?’ అంది యాప్. చూడను కూడా చూడకుండా ‘సరే’ నొక్కేసింది.

తర్వాత చూసింది.

గడిలో అదే కుర్చీ. అదే గుడ్డ. మెడ దగ్గర ముడి వేసి, గుండ్రంగా, లోపల మనిషున్నట్టే నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు.

పార్లరక్కకి టీచరమ్మ కురచ జుట్టు కళ్ళముందు మెదిలింది. గబుక్కున ముడి విప్పి బుడంకాయ్‌ని కిందికి దింపింది. పిల్ల వెచ్చగానే ఉంది. “ఇంకా కట్ చెయ్యలేదుగా!” అని గునుస్తూనే ఉంది. హమ్మయ్య అనుకుంది. కానీ ఫోన్‌లో ఫొటో వెళ్ళే చోట్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కో పేరు పక్కన చిన్న సున్నా తిరుగుతోంది. వానకి సిగ్నల్ సరిగా లేదు... ఒక్కొక్కటే పడుతోంది.

వీధివాళ్ళుండే దాని పక్కన పచ్చ టిక్కు పడింది.

“ఎవరమ్మా ఈ పాప? ముద్దుగా ఉంది” అంది బ్యాంకు మేడమ్.

పార్లరక్క నవ్వబోయింది. మేడమ్ మొహంలో నవ్వు లేదు. నిజంగానే అడుగుతోంది.

“మేడమ్... నా కూతురండీ. ఇందాక మీరే కదా...”

“నీకు పిల్లలెక్కడున్నారు?” అంది మేడమ్ మెల్లగా.

పార్లరక్క పోస్టు తీసేసింది. తీసేశామంది యాప్. పోస్టు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఖాళీ గడి వల్లే కదా ఇదంతా, అందులో బుడంకాయ్ ఫొటోనే పెట్టేద్దామని కెమెరా ఎత్తింది. ఎదురుగా పిల్ల నిలబడి ఉంది. తెర మీద మాత్రం అద్దం, నేల మీద వెంట్రుకలు... అంతే.

ఇంకో టిక్కు. చుట్టాలది.

తల్లికి ఫోన్ చేసింది. “అమ్మా! నీ మనవరాలు... నీ మనవరాలు గుర్తుందా అమ్మా నీకు?”

అవతల తల్లి గొంతు, జాలిగా.

“ఏడవకు తల్లీ. పిల్లల్లేరని నువ్వు పడే బాధ నాకు తెలీదా? ఆ దేవుడికే కళ్ళు లేవు.”

మూడో టిక్కు పడేసరికి మొగుడికి చేసింది. ఆయన విన్నాడు. “మళ్ళీ మొదలెట్టావా?” అన్నాడు అలిసిపోయిన గొంతుతో. “డాక్టరిచ్చిన మాత్రలు వేసుకున్నావా?”

ఏ డాక్టరు? ఏ మాత్రలు?

ఫోన్ ఆఫ్ చేసింది. అయినా తెర వెలుగుతూనే ఉంది. సున్నాలు తిరుగుతూనే ఉన్నాయి. తొట్టి నిండా నీళ్ళు వదిలి అందులో పడేసింది. నీళ్ళ అడుగున కూడా వెలుతురు... ఇప్పుడిక ఒకటే సున్నా మిగిలింది. ఆ పేరు ఆమె ఎన్నడూ చేర్చింది కాదు. దాని పక్కన చిన్న బొమ్మ. వంగి చూసింది.

తన మొహమే.

“వద్దు... వద్దురా దేవుడా...”

బుడంకాయ్‌ని లాక్కుని గుండెకి హత్తుకుంది. గౌను పిడికిట్లో బిగించింది. “అమ్మా, భయమేస్తోంది” అని గుసగుసలాడింది పిల్ల.

“భయం లేదు. నేనున్నాగా. నువ్వు నా కూతురివి. పురిట్లో రెండ్రోజులు నన్ను చంపావు. నీ పేరు...”

పేరు... నాలుక చివరే ఉంది. స్కూల్లో పెట్టిన పేరు. తనే ఏరికోరి పెట్టింది. అ... కాదు...

“నువ్వు నా కూతురివి. నా కూతురివి. నా...”

తొట్టిలో నీళ్ళు ఒక్కసారి పచ్చగా మెరిసి ఆరిపోయాయి.

వాన కాస్త తగ్గింది. పార్లరక్క ఊపిరి పీల్చుకుంది. ఎందుకో చెంపలు తడిగా ఉన్నాయి. రంగు ఘాటేమో. ఎదురుగా ఎవరి పిల్లో, వెక్కి వెక్కి ఏడుస్తోంది. పాపం, చూస్తే కడుపు తరుక్కుపోయేలా ఉంది.

“ఎవరి పాపవమ్మా నువ్వు? మీ అమ్మేది?”

పిల్ల ఏడుపు ఆపేసింది. నోరు తెరుచుకుని ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

“తప్పిపోయినట్టుంది” అంది బ్యాంకు మేడమ్, లేచి పిల్ల చెయ్యి పట్టుకుంటూ. “నా తల కడిగెయ్యి. పోలీస్ స్టేషన్ నా దార్లోనే కదా, అప్పజెప్పేసి వెళ్తాను.”

“అలాగే మేడమ్. పుణ్యముంటుంది. పాపం, వాళ్ళమ్మ ఎంత అల్లాడిపోతోందో.”

“మరి వదులు.”

“ఏంటి మేడమ్?”

మేడమ్ కిందికి చూపించింది. పార్లరక్క కుడిచెయ్యి ఆ పిల్ల గౌను అంచుని పిడికిట్లో పట్టుకుని ఉంది. కణుపులు తెల్లబడేంత గట్టిగా. ఆమె నవ్వేసి చెయ్యి తియ్యబోయింది. రాలేదు. ఎడంచేత్తో ఒక్కో వేలూ విప్పబోయింది. విప్పిన వేలు విప్పినట్టే మళ్ళీ ముడుచుకుపోతోంది.