పేరు పెట్టి పిలవండి

కొత్త నీలం చొక్కా ఎగిరి వాకిట్లో బురదలో పడింది... షెడ్డు పనికని బడివాళ్ళు ఇచ్చిన చొక్కా! పొద్దుటి నుంచి దాన్ని ఇస్త్రీ చేసి, మంచం మీద పరిచి మురిసిపోతున్న సౌజన్య వాకిట్లోకి పరుగెత్తింది. విసిరినవాడు పరాయివాడా అంటే కాదు, కన్నతండ్రి. జానయ్య ఏనాడూ భార్య మీద చెయ్యెత్తి ఎరగడు, బిడ్డను గట్టిగా కసిరి ఎరగడు. అలాంటి మనిషి ముందున్న కంచం పక్కకు నెట్టి లేచేసరికి, వడ్డిస్తున్న భార్య అండాలమ్మ కూడా వెంటే లేచింది.

"నా బిడ్డ షెడ్డుకు పోదు. పోతే ఇగ నాతోని మాట్లాడొద్దు" అని, ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

సంగతి ఏమిటంటే, సరూర్‌నగర్‌లో సౌజన్య చదివే సర్కారు బడి ఈ ఏడాది ఎల్బీనగర్‌లోని ఒక మెకానిక్ షెడ్డుతో ఒప్పందం చేసుకుంది. బండ్ల మరమ్మతును పాఠంగా తీసుకున్న పిల్లలు దసరా సెలవుల్లో అక్కడికి వెళ్ళి పని నేర్చుకోవాలి. దానికి మార్కులున్నాయి, సర్టిఫికెట్ ఉంది, రేపు పాలిటెక్నిక్‌కు పోతే చేతిలో పని ఉంటుంది. సోమవారం రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని అరుణజ్యోతి టీచర్ మెత్తగానే చెప్పింది గానీ, అన్నదంటే చేసే మనిషి ఆవిడ.

ఆడపిల్లకు మసి పనేమిటని నలుగురూ నవ్వుతారని నాయిన బాధ కాబోలు అనుకుని, సౌజన్య దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. ఉతికిన చొక్కా దండెం మీద వేస్తూ అండాలమ్మ ఇక ఆగలేకపోయింది. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట బయటపెట్టింది.

"మీ నాయినకు కుడి చెవి ఎందుకు ఇనపడదో ఎర్కేనా బిడ్డా?"

చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవి పోయిందనే ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. జ్వరం కాదు... నల్లగొండ పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తల్లిదండ్రులు, బడికి పోవలసిన పిల్లవాణ్ణి ఇలాంటి షెడ్డులోనే పనికి పెట్టారు. ఉస్తాద్ అడిగిన పానా ఒకటి, పసివాడు తెచ్చిన పానా ఇంకొకటి. చెంప మీద పడిన దెబ్బకు చెవి పోయింది. చెవి పోయినందుకు కూడా ఆయన అంత ఏడవలేదట. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక్కరంటే ఒక్కరు ఆయన్ను జానయ్య అని పిలవలేదు. చిన్నోడా అన్నట్టు చోటూ అనేవాళ్ళు. చోటూ, చాయ్ తే... చోటూ, బండి తుడువు... అంతే. పెళ్ళయిన కొత్తలో ఆ మాట చెప్పి, ఆమె ఒడిలో తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇప్పటికీ హోటల్లో ఎవరైనా చోటూ అని కేకేస్తే చాయ్ సగంలో వదిలి లేచిపోతాడు.

సౌజన్య దుప్పటి పక్కకు తీసి లేచి కూర్చుంది. "అయితే నేను పోనమ్మా" అంది.

ఆ మాటతో అండాలమ్మకు ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది. తండ్రి పేరు తిన్నది చాలక, ఆ పాడు మాట బిడ్డ చదువు కూడా తింటుందా!

"ఎందుకు పోవు? ఆయనను బడి మాన్పించి పనికి తోలిండ్రు. నిన్ను బడే తీసుకపోయి పని నేర్పుతుంది. రెండూ ఒకటెట్లయితయి? ఒకటి గాకుండ నేను చూసుకుంట."

సోమవారం చైతన్యపురి హాస్టల్లో వంట పనికి సెలవు చెప్పి, బిడ్డను వెంటబెట్టుకుని బయలుదేరింది. భర్త మాట కాదని గడప దాటడం ఆమెకు అదే మొదలు. అయినా ఆగలేదు.

షెడ్డు యజమాని ప్రసన్నకుమార్ మంచివాడే. పిల్లలకు చేతి తొడుగులిచ్చి, జాగ్రత్తలు చెప్పి, పెద్ద మెకానిక్ మధుకు అప్పగించాడు. అండాలమ్మ తేలికపడిన మనసుతో రోడ్డెక్కబోతుండగా వెనక నుంచి మధు గొంతు వినిపించింది.

"ఏ చోటూ, గా పానా ఇటియ్యి."

సౌజన్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మిగతా పిల్లలు నవ్వారు. అండాలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళందరినీ అలాగే అంటారమ్మా, ముద్దుకే, మనసులో పెట్టుకోకండని ప్రసన్నకుమార్ సర్దిచెప్పబోయాడు.

"ముద్దున్నోళ్ళకు పేరు పలికితే నోరు నొస్తదా సారూ? బడిల హాజరు పేరు పెట్టే తీసుకుంటరు. ఈడ గూడ గంతే. కాదంటే ఈ పిల్లలందర్నీ ఇప్పుడే నా ఎంబడి తీసుకపోత."

పిల్లలను దింపడానికి వచ్చిన అరుణజ్యోతి టీచర్ ఆమె పక్కనే నిలబడింది. బడి మాట కూడా అదేనంది. అందరికంటే ముందు తల దించుకున్నవాడు మధు. "నాకు గిట్ల అడిగేటోళ్ళు లేకపాయె అక్కా" అన్నాడు మెల్లగా. మర్నాటికి ప్రతి చొక్కా జేబు మీదా పిల్లల పేర్లు కుట్టించి ఉన్నాయి.

ఇంట్లో మాత్రం జానయ్య భార్యతో మాట్లాడటం మానేశాడు. తనే వడ్డించుకుని తిని పోయేవాడు. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందే గానీ, బిడ్డను ఒక్క పూట కూడా ఆపలేదు.

ఒక మధ్యాహ్నం అండాలమ్మ సౌజన్యకు టిఫిన్ డబ్బా తెచ్చి షెడ్డులో కూర్చుంది. గేటుకు అడ్డంగా ఒక ఆటో వచ్చి ఆగింది... జానయ్య! బిడ్డను లాక్కుపోవడానికి వచ్చాడో, కళ్ళారా చూసుకోవడానికి వచ్చాడో ఆయనకే తెలియదేమో. లోపల మధు "సౌజన్యా, పెద్ద పానా పట్టుకురామ్మా" అంటున్నాడు. ఆ పిలుపు చెవిన పడి జానయ్య కదలకుండా కూర్చుండిపోయాడు.

ఇంతలో బయటికి వచ్చిన ప్రసన్నకుమార్ దారికి అడ్డంగా ఉన్న బండిని చూసి, "ఏ ఆటో, పక్కకు తియ్" అని అరిచాడు.

సౌజన్య మసి చేతులతోనే లేచి వచ్చింది.

"ఆటో కాదు సార్. ఆయన పేరు జానయ్య. మా నాయిన."

ప్రసన్నకుమార్ నాలుక కరుచుకున్నాడు. ఆటో దగ్గరికి నడిచి వెళ్ళి, "జానయ్య గారూ, లోపలికి రండి" అన్నాడు.

జానయ్య తల తిప్పి, బాగా వినపడే ఎడమ చెవి అటు పెట్టాడు. "ఇనపడలే సార్, ఇంకోసారి అనుండ్రి" అన్నాడు.

మొదటిసారే వినపడిందని అండాలమ్మకు తెలుసు.