కన్నున్న తలుపు

ఆ ఇంటి గరాజ్ తలుపుకి మోటారు పెట్టించాలన్న మాట, మామయ్యగారి నడుము పట్టేసిన రోజున పుట్టింది.

కోడలు ఆసుపత్రిలో మందుల కౌంటర్లో పనిచేస్తుంది. సాయంత్రం ఆమె కారు వాకిట్లో ఆగిందంటే చాలు, పెద్దాయన మేడమీద గది కిటికీలోంచి చూసి, మెట్లు దిగి వచ్చి, గరాజ్ తలుపు రెండు చేతులా పట్టి ఎత్తేవాడు. పలకలు పలకలుగా ఉండి, పట్టాల మీద జారుతూ పైకప్పు కిందికి పోయే పాత తలుపు అది. స్ప్రింగు సడలిపోయి ఏనుగంత బరువెక్కింది. "మీకెందుకు మామయ్యా ఈ శ్రమ, నేను దిగి తీసుకుంటాగా" అని ఆమె చెవిలో అరిచి చెప్పినా, "చెవులు పోయాయి గానీ చేతులు పోలేదమ్మా" అనేవాడు. అలాగే ఒకరోజు తలుపు సగంలో ఉండగా ఆయన నడుము కలుక్కుమంది. ఆయన్ని మంచం మీదికి చేర్చేసరికి కోడలికి దేవుడు కనిపించాడు.

ఆమె భర్త దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉండే రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. కాబట్టి అతను ఇంటికి రాగానే మోటారు సంగతి తేల్చాలని పట్టుబట్టింది.

ఈ కబురు ఎలా తెలిసిందో, మరిది పరిగెత్తుకొచ్చాడు. అతనికి వెల్డింగు షాపుంది. ఎక్కడో ఇల్లు కూలగొడుతుంటే విప్పి తెచ్చిన మోటారొకటి అతని దగ్గర మూలపడి ఉంది.

"కొత్తదెందుకు వదినా? ఇది గొలుసు మోటారు. కొండనైనా లాగుతుంది. బటన్ నొక్కావా, మూసుకుందంతే. మధ్యలో ఏముందో చూడదు."

"నా భయమూ అదే. పక్కింటి పిల్లలు బంతి కోసం ఊరికే లోపలికి దూరుతుంటారు. కన్ను లేని తలుపు నాకొద్దు."

మరిది ముఖం మాడింది. "నా చేతి వస్తువంటే నీకెప్పుడూ అనుమానమే" అని, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె అనుమానాల పుట్ట. పాలవాడు పలకరించి నవ్వితే, ఈరోజు నీళ్లు కాస్త ఎక్కువ కలిపాడన్నమాట అనుకునే రకం.

భర్త వచ్చాక వెళ్లిన మోటార్ల షాపులో కూడా అమ్మేవాడి చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. గొలుసు రకం చూపిస్తే, అది దడదడలాడుతుంది, గరాజ్ మీదే మామయ్య గది అంది. "నాన్నకి వినపడదుగా, అదే చాల్లే" అన్నాడు భర్త. "వినపడకపోయినా మంచం వణికితే ఆయనకి తెలుస్తుంది" అని కసిరింది. చివరికి మెత్తటి బెల్టు మీద నడిచేదాన్ని ఎంచుకున్నారు. కరెంటు పోతే నడవడానికి దాంట్లోనే బ్యాటరీ ఉంది. "మరి వేరేవాళ్ల రిమోటుకి తెరుచుకుంటేనో?" అని అడిగింది. నొక్కిన ప్రతిసారీ లోపలి సంకేతం మారిపోతుంది, దొంగ రిమోటు పనిచెయ్యదు అన్నాడు షాపతను. అతని ముఖం కేసి కాసేపు చూసి, సరే కట్టండి అంది.

మర్నాడు మెకానిక్ వచ్చి బిగించాడు. తలుపుకి ఆ పక్కా ఈ పక్కా, నేలకి జానెడు ఎత్తులో, రెండు చిన్న కళ్లు పెట్టాడు. ఒక కంట్లోంచి ఇంకో కంట్లోకి మనకి కనపడని వెలుతురు పోతుంటుంది. దారి ఖాళీగా ఉంటే అవతలి కన్ను పచ్చగా వెలుగుతుంది. ఏదైనా అడ్డొస్తే ఆరిపోతుంది. దిగుతున్న తలుపు ఆగి, మళ్లీ పైకి పోతుంది.

"కన్ను పాడైందనుకో, ఇక తలుపు బార్లా తెరుచుకుని ఉండాల్సిందేనా?" అని అడిగింది.

"గోడ మీది బటన్ నొక్కి, తలుపు నేలకి ఆనేదాకా వేలు తియ్యకండి. అప్పుడు కంటితో పనిలేకుండా దిగుతుంది. కానీ అమ్మా, కింద ఏమీ లేదని చూసుకున్నాకే నొక్కండి."

కొన్నాళ్లు హాయిగా గడిచింది. కార్లోంచి దిగకుండానే తలుపు తెరుచుకోవడం, పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా మూసుకోవడం చూసి ఆమె మురిసిపోయింది. మామయ్యగారు కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు.

తరవాత తలుపు మొరాయించడం మొదలుపెట్టింది. సగం దిగేది. ఆగేది. మళ్లీ పైకి పోయేది. పగలు ఏ పేచీ లేదు. ఆమె ఇంటికొచ్చే వేళకే ఈ తంతు. మెకానిక్ వచ్చి కళ్లు గుడ్డతో తుడిచి, సాలెగూడు అడ్డొచ్చి ఉంటుందన్నాడు. అతని ముందు తలుపు బుద్ధిగా దిగింది. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, మళ్లీ మొదటికొచ్చింది.

ఆమెకి మరిది మీద అనుమానం కలిగింది. మోటారు బిగించిన వారంలోనే అతనొచ్చి, "చూద్దాం మీ కొత్త పెళ్లికూతుర్ని" అంటూ కిందికి వంగి ఆ కళ్లు రెండూ తడిమి చూశాడు. తన మోటారు కాదన్నానని కడుపుమంట. ఏదో కెలికే ఉంటాడు. భర్తతో ఆ మాటంటే అతను ఫోనులోనే నవ్వాడు. "అనుమానం పెనుభూతం అన్నారు ఊరికేనా?"

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పొద్దు గుంకకుండానే మబ్బు కమ్మి, వీధి మసకబారింది. ఆమె ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. అయినా బ్యాటరీ పుణ్యాన తలుపు తెరుచుకుంది. కారు లోపల పెట్టి, దిగి, గోడ మీది బటన్ నొక్కింది.

తలుపు సగం దాకా దిగింది. ఆగింది. పైకి పోయింది.

కిందికి చూసింది. పచ్చదీపం ఆరిపోయి ఉంది. గడప మీద ఏమీ లేదు. తడిసిన సిమెంటు. దాని మీద వాన జల్లు. అంతే.

ఇక ఓపిక నశించింది. అక్కడే నిలబడి మరిదికి ఫోన్ చేసింది.

"నిజం చెప్పు. ఆ కళ్లని ఏం చేశావు? ఎక్కడున్నావిప్పుడు, వీధి చివర దాక్కుని చూస్తున్నావా?"

"వదినా, షాపులో ఉన్నాను. ఇనుము కోస్తున్నారు, వినపడట్లేదూ?" నిజమే. అతని వెనక రంపపు చక్రం కీచుమంటోంది. "నీ ఇంటి తలుపుతో నాకేం పని? నన్ను దొంగని చేస్తావా?" ఫోన్ పెట్టేశాడు.

వాన చప్పుడు. కారు ఇంజను చల్లబడుతూ టక్... టక్... అంటోంది.

పచ్చదీపం వెలిగింది.

హమ్మయ్య అనుకునేలోపే ఆరింది. మళ్లీ వెలిగింది. ఆరింది. తొందర లేదు. ఎవరో గడప మీద ఒక కాలు ముందుకి వేసి... వెనక్కి తీసుకుని... మళ్లీ వేసినట్టుగా.

అప్పుడొచ్చింది వాసన. పెట్టెలో తడిగా మడిచిపెట్టి మరిచిపోయిన బట్టల వాసన. వాన వాసన కాదది. వానకి ముందు నుంచీ తడిగా ఉన్నదేదో.

"ఎవరు?" అంది. గుసగుసే వచ్చింది.

దీపం ఆరింది. ఈసారి వెలగలేదు.

మేడమెట్ల తలుపు ఓరగా తీసి ఉంది. పైనుంచి మామయ్యగారి గొంతు వినపడింది.

"అమ్మాయ్... ఎవరొచ్చారు?"

పక్కన కూర్చుని అరిస్తే గానీ వినపడని మనిషి.

"ఎవరూ లేరు మామయ్యా." పెదవులు కదిపిందంతే.

"మరి తలుపు దగ్గర నిలబడిందెవరే? లోపలికి రావచ్చా అని అడుగుతుంటేనూ..."

"ఏమీ అనకండి." కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామయ్యా... మీకు దణ్ణం పెడతాను... ఏమీ అనకండి."

పైన మంచం కిర్రుమంది. ఆయన లేస్తున్నాడు. కిందికి వస్తాడు. ఎవరొచ్చినా ఎదురెళ్లి తలుపు తియ్యడం ఆయనకి అలవాటు.

ఆమె గోడకి ఆనుకుని బటన్ మీద బొటనవేలు పెట్టింది. నొక్కింది. వేలు తియ్యలేదు.

తలుపు దిగసాగింది. చప్పుడు లేకుండా. సగం... సగం దాటింది... మోకాలి ఎత్తుకి వచ్చింది. జానెడు ఎత్తులో ఆగబోయింది. మోటారు మూలిగింది. తలుపు కింది రబ్బరు అంచు ఒకచోట పైకి వంగింది, కింద ఏదో ఉన్నట్టు. అక్కడ ఏమీ లేదు. ఆమె చూస్తూనే ఉంది, అక్కడ ఏమీ లేదు.

వేలు తియ్యలేదు.

మెత్తటి చప్పుడొకటి అయింది. తలుపు నేలకి ఆనింది. పచ్చదీపం వెలిగింది.

ఒక్క పరుగున మెట్లెక్కింది. మామయ్యగారు దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తట్టి లేపితే, "అప్పుడే వచ్చేశావా అమ్మా? కారు చూళ్లేదే" అన్నాడు నిద్రమత్తులో. తను ఎవరితోనూ మాట్లాడలేదన్నాడు. ఆమె అరిచి అడిగినా, మళ్లీ అడిగినా, అదే మాట.

భర్త వచ్చాక అంతా చెప్పింది. మొదట నవ్వాడు. గరాజ్‌లోకి వెళ్లి, రబ్బరు అంచు వంగినచోట వేలితో నొక్కి చూశాడు. అది సాపు కాలేదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తరవాత నవ్వలేదు. ఆ పూటే మోటారూ కళ్లూ విప్పేశాడు.

ఆమె మరిది షాపుకి వెళ్లి, పనివాళ్ల ముందే, "తప్పు నాది, నోరు జారాను" అంది. సాయంత్రానికల్లా అతను కొత్త స్ప్రింగు తెచ్చి తనే బిగించాడు. ఇప్పుడు తలుపు ఒంటిచేత్తో లేస్తోంది. వదిన చేతి కాఫీ తాగి, "ఇదీ అనుమానంగానే ఉంది, చక్కెర వేశావా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. గుమ్మం దగ్గరి అద్దాల తలుపులు ఎప్పట్లాగే వాటంతట అవే పక్కకి జరిగాయి. ఆమె లోపలికి వచ్చేసింది. నాలుగడుగులు వేసింది. వెనక అద్దాలు కలుసుకుంటున్న చప్పుడు వినపడింది. అంతలోనే మళ్లీ విడిపోయాయి. మళ్లీ కలవబోయాయి. విడిపోయాయి.

గుమ్మం దగ్గరి కాపలా మనిషి కుర్చీలోంచి లేచి, ఖాళీగా ఉన్న దారిలో చెయ్యి అటూ ఇటూ ఊపాడు. తలుపు మూసుకోలేదు. అతను తల గోక్కుని, ఆమెకేసి చూసి నవ్వాడు.

"ఏం మేడమ్, మీతో ఇంకెవరైనా వచ్చారా?"

ఆమె వెనక్కి తిరగలేదు. తడిసి ముగ్గిన బట్టల వాసన మెల్లగా ఆమె భుజం దాకా వచ్చింది.

అప్పుడు మూసుకున్నాయి అద్దాలు.