తెల్ల సంచిలో పట్టనిది

“మసీనా, అన్నీ సంచిలో పెట్టుకున్నావా?” బయటి నుంచి కేకేసింది అమ్మ.

“పెట్టుకున్నానమ్మా!”

అది సగమే నిజం. తమ్ముడు పెని ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్ సంచిలో ఉంది. దానికి తగిలించే గొట్టం, అదే స్పేసర్, లేదు. సంచేమో బామ్మ మొగలి ఆకులతో అల్లిచ్చిన బుల్లి తెల్లది. గవ్వ బొత్తం కూడా ఉంది. స్పేసర్ కుక్కితే సగం బయటికి పొడుచుకొస్తోంది. మొన్న దాన్ని చూసి పక్కింటి స్నేహితురాలు వైలూపే, “ఏంటే అది, మీ తమ్ముడి పాలసీసానా?” అని వెక్కిరించింది.

‘మందు ఉండేది ఇన్‌హేలర్‌లోనేగా!’ అనుకుంది మసీనా. స్పేసర్‌ను దుప్పటి కిందికి తోసేసింది.

ఆ రోజు పిల్లల ఆదివారం. వాళ్ల సమోవా దీవుల్లో ఏ పిల్లల్ని చూసినా తల నుంచి కాలి దాకా తెలుపే. చర్చిలో పిల్లలే నిలబడి బైబిలు వాక్యాలు చెబుతారు. మధ్యాహ్నం పెద్దలే వడ్డిస్తారు, పిల్లలే ముందు తింటారు. పెని నెల నుంచీ తన వాక్యం బట్టీ పడుతున్నాడు. వినేవాళ్లు లేకపోతే పెరట్లో పందులకు చెప్పేవాడు.

“ఒరేయ్, వాటికి కూడా కంఠతా వచ్చేసిందిరా!” అని మామయ్య నవ్వేవాడు.

ఆ పొద్దున మామయ్య వంటకని నిప్పుల్లో రాళ్లు కాల్చి, సీమపనస, చామదుంపలు వాటి మధ్య పెట్టాడు. పెని ఆ పొగలోనే తచ్చాడాడు. రెండుసార్లు దగ్గాడు. పొగకు దగ్గు వస్తే అప్పుడే మందు ఇమ్మని నర్సు చెప్పిన మాట మసీనాకు గుర్తుంది. కానీ జడకు రిబ్బను కట్టుకుంటోంది. తర్వాత చూద్దాంలే అనుకుంది.

చర్చిలో అమ్మ పాటలవాళ్లతో ముందు కూర్చుంది. పెని వంతు వచ్చింది. లేచి నోరు తెరిచాడు. మాట రాలేదు. భుజాలు పైకి లేస్తున్నాయి. ఛాతీలోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు.

మసీనా పరుగున వెళ్లి ఇన్‌హేలర్ వాడి నోట్లో పెట్టి నొక్కింది. వాడు దగ్గాడు. మందంతా తెల్లటి ఆవిరిలా నోట్లోంచి బయటికొచ్చేసింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

“గొట్టం... ఏది... అక్కా?”



అమ్మ పాటలవాళ్ల మధ్య నుంచి లేచి వచ్చింది. మామయ్య బండి తీశాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సు తలీతా గబగబా ఒక స్పేసర్ తెచ్చి పెని మూతికి పెట్టింది. మందు ఒక్కసారి నొక్కింది.

“మెల్లగా పీల్చు నాన్నా. వదులు. మళ్లీ పీల్చు. ఇలా నాలుగు ఊపిర్లు. ఇప్పుడు ఇంకోసారి నొక్కుతా.”

కాసేపటికి వాడి భుజాలు కిందికి దిగాయి. అప్పుడు నర్సు మసీనా వైపు తిరిగింది.

“వట్టిగా కొడితే మందు నాలుక మీదే ఉండిపోతుందమ్మా. గొట్టంలో అయితే కాస్త ఆగుతుంది. వీడు నిదానంగా పీల్చుకుంటాడు. అది చేరాల్సింది ఛాతీకి కదా! మీ ఇంట్లో ఉండాలే ఇది?”

“ఉంది. సంచిలో పట్టలేదని... నేనే దాచేశాను.”

నర్సు స్పేసర్ మసీనా చేతికిచ్చి, “ఈసారి నువ్వు నొక్కు, నేను చూస్తా,” అంది. అమ్మ పెని మెడలో నలిగిన పూలదండ తీసి ఒళ్లో పెట్టుకుంది. మసీనాకు అమ్మ కోప్పడితేనే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చేసరికి పిల్లల భోజనాలు అయిపోయాయి. బామ్మ పెని పళ్లెం మూసి ఉంచింది.

“అక్కా, అందరూ చెప్పేశారా?”

“ఆ.”

“నేనొక్కడినే చెప్పలేదా?”

మసీనా తల వంచుకుంది. పిల్లల ఆదివారం మళ్లీ ఏడాదికి గానీ రాదు.

మరుసటి ఆదివారం తెల్ల సంచి మేకుకే వేలాడింది. మసీనా భుజానికి అమ్మ పాత గుడ్డసంచి ఉంది. మామయ్య నిప్పు రాజేయగానే పెని ఖళ్లుమన్నాడు. ఆమె రిబ్బను అక్కడే వదిలేసి, వాడిని పొగకు దూరంగా కూర్చోబెట్టి స్పేసర్ పట్టింది. ఒక్కో ఊపిరీ లెక్కపెట్టింది.

చర్చికి పిలవడానికొచ్చిన వైలూపే ఆగి చూసింది. “మళ్లీ పాలసీసాయేనా?”

“అవును. కాసేపు పట్టుకుంటావా? వాడి కాలర్ సరిచేయాలి.”

వైలూపే చెయ్యి చాచింది.

బయల్దేరే ముందు పెని పెరట్లోకి పరుగెత్తాడు. పందుల ముందు చేతులు కట్టుకుని నిలబడి, తన వాక్యమంతా ఎక్కడా ఆగకుండా చెప్పాడు. పందులు తల కూడా ఎత్తలేదు. గుడ్డసంచిని గుండెలకు అదుముకుని, మసీనా మాత్రం చివరి మాట దాకా నిలబడి వింది.