సైడు అయ్యేదాకా ఎవరూ లేవకూడదు

"విజయవాడ బస్సు పోయిందాండీ?"

తిరువూరు బస్టాండులో సీక్రెట్ ఏజెంట్ ప్రేమ్ కిరణ్‌ని గుర్తుపట్టడానికి డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ అది. "పోతే పోయింది, పాట మిగిలింది" అని అతను జవాబివ్వాలి. ఆ బస్టాండులో ఆ ప్రశ్న అడగనివాడు లేడని, కోడ్ తయారుచేసిన ఢిల్లీ మేధావికి తెలియదు. ఒక పత్తి రైతుకీ, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళకీ, "పాటేంట్రా సచ్చినోడా!" అన్న ఒక ముసలమ్మకీ జవాబు చెప్పాకగానీ అసలు మనిషి దొరకలేదు. నల్ల కళ్ళద్దాలు, వేరుశనక్కాయల పొట్లం. చీఫ్ జయకర్.

"ఫారిన్ గూఢచారి రింగ్ ఒకటి దిగింది. టార్గెట్ యోసేపు. రిటైర్డ్ రాడార్ సైంటిస్టు. వినగడపలో మామిడితోట."

"నా కవర్?"

"పురుగుమందుల కంపెనీ రెప్రజెంటేటివ్. యోసేపుకి జాజ్ పిచ్చి. రింగ్ మనిషి ఆ జాజ్ గ్రూపులోనే ఉన్నాడు. నువ్వూ చేరు. ఎవరో కనిపెట్టు."

"జాజ్ అంటే ఏంటి సార్?"

"నాకేం తెలుసోయ్? ఎల్పీ రికార్డులు కొను."

ఎల్పీజీలో జీ తీసేస్తే ఎల్పీ. ప్రేమ్ కిరణ్‌కి తెలిసింది అంతే. మిగిలిన గ్యాసంతా తనే కొట్టాలన్నమాట. సాక్సోఫోన్ అంటే సాక్సులో దాచుకునే ఫోనేమోనని డిపార్ట్‌మెంట్ స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టాడు. వాళ్ళు సాక్సులు పంపారు.

గ్రూపు వాట్సాప్‌లో ఉంది. ఎవరు ఏ రికార్డు వింటుంటే దాని ఫొటో అందులో పెడతారు: డిస్కు, దాని మీద సూది. విన్నాక ఆ రికార్డుని ఆర్టీసీ కార్గోలో ఇంకొకరికి పంపుతారు. నెలకో ఆదివారం తిరువూరులోనే బాలశౌరి మాస్టారింట్లో కలుస్తారు. ఆయన రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరరు, చర్చిలో కీబోర్డు వాయిస్తారు. ఆ ఇంట్లో నియమం ఒక్కటే. రికార్డు ఒక సైడు మొదలైతే అది అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఫోన్లు చెప్పుల దగ్గరే వదలాలి. పాట మధ్యలో లేచినవాడూ ప్రార్థన మధ్యలో లేచినవాడూ ఆయన దృష్టిలో ఒకటే.

ప్రేమ్ కిరణ్ ఆయన మేడ మీది గదే అద్దెకు తీసుకున్నాడు. రోజూ సాయంత్రం డిస్కు మీద సూది ఆనించి, స్విచ్చు వెయ్యకుండానే ఫొటో తీసి, "ఆహా, ఏం సోలో!" అని పెట్టి, కింద భోజనానికి దిగేవాడు. మాస్టారి భార్య చిట్టెమ్మగారు మిరియాల చారు పోసేవారు. మూడు నెలల్లో గూఢచారి కాస్తా గాఢచారి అయ్యాడు. అతని చొక్కాకున్న బొత్తాం కెమెరాని వదులైన బొత్తామనుకుని ఆవిడ ఊడదీసి, మంచి బొత్తాం కుట్టిపెట్టారు. పురుగుమందు అమ్ముతున్నానని చెప్పి ఆ ఇంట్లో చేరిన అసలు పురుగు తానేనని అన్నం కలుపుకున్నప్పుడల్లా అనిపించేది. అనిపించినా ముద్ద దిగేది. అదీ సిగ్గే.

అంతకన్నా పెద్ద సిగ్గు రిపోర్టు. ఎవరో ఒకరి పేరు రాయమని చీఫ్ నెలనెలా వేధించాడు. చివరికి ప్రేమ్ కిరణ్ రాసేశాడు: "సస్పెక్ట్: బాలశౌరి. ఫారిన్ పార్సిళ్ళు వస్తున్నాయి. ఆరాధన, హైదరాబాద్ కలెక్టర్: జెన్యూన్ అభిమాని. క్లియర్." కలెక్టర్ అంటే జిల్లా కలెక్టర్ కాదు, రికార్డులు కలెక్ట్ చేసే మనిషి. పట్టుచీర, పొట్టిజుట్టు, మనిషిని చిత్తు చేసే నవ్వు. ఆ నవ్వు తప్ప ఆమె దగ్గర అతను వెరిఫై చేసిందేమీ లేదు.

ఆదివారం. చర్చి వదిలారు. వీధి చివర వాటర్ క్యాన్ల వ్యాన్‌లో చీఫ్, నలుగురు మనుషులు మాటు వేశారు. మీటింగ్ అవ్వగానే మాస్టారి చేతికి సంకెళ్ళు.

హాల్లో ఆరాధన తెచ్చిన కొత్త రికార్డు ప్లేయర్ మెరుస్తోంది. "మీ పాతది మూలపడిందన్నారుగా మాస్టారూ, నా గిఫ్ట్. ఫుల్ ఆటోమేటిక్. సైడు అవ్వగానే సూది ఉన్న చెయ్యి తనంతట తనే లేస్తుంది" అంది. యోసేపుగారికి ఎడమ చెవి సరిగా వినపడదు. ఆయన కుర్చీ ఎప్పుడూ ప్లేయర్‌ని ఆనుకునే ఉంటుంది.

కుర్చీలు సర్దుతూ మాస్టారు గొంతు తగ్గించారు. "ప్రేమ్ బాబూ, ఒక మాటంటే ఏమనుకోరుగా?"

"చెప్పండి మాస్టారూ."

"తిరిగే డిస్కుని ఫొటో తీస్తే మధ్యలో లేబుల్ అలుక్కుపోయి కనపడుద్ది. మా అందరి ఫొటోలూ అంతే. మీ ఫొటోల్లో మాత్రం అక్షరం అక్షరం చదవచ్చు."

ప్రేమ్ కిరణ్ చెవులు కాలిపోయాయి. "అంటే... మొదట్నుంచీ మీకు..."

"మొదటి రోజే తెలుసు. ఒంటరి కుర్రాడు, నలుగురితో కూర్చోవాలని అబద్ధమాడుతున్నాడు పాపం అనుకున్నాం. ఆరాధనమ్మ ఫొటోలూ అలాంటివే. ఆవిడకీ ఎవరూ లేరేమో."

ఆరాధన రికార్డు పెట్టింది. సైడ్ టూ. అమెరికా నుంచి మాస్టారు ఏడాదిపాటు ఎదురుచూసి తెప్పించుకున్న డిస్కు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. పియానో మొదలైంది. ప్రేమ్ కిరణ్‌కి మాత్రం 'పాపం' అన్న మాటే వినపడుతోంది. రిపోర్టులో ఆయన్ని అమ్మేసిన కుర్రాణ్ణి ఆయన పాపం అంటున్నారు.

ఆఖరి పాట సగంలో ఆరాధన లేచింది. "సారీ, కారు అడ్డంగా పెట్టాను." చెప్పులేసుకుంది. గదంతా ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో సైడు మధ్యలో లేచిన మొదటి మనిషి!

ప్రేమ్ కిరణ్‌కి అప్పుడు వెలిగింది. వినకుండా విన్నట్టు నటించాడు తను. ఎందుకు? ఏజెంటు కాబట్టి. మరి ఆమె ఎందుకు నటించింది? ఆమె ఎవరి ఏజెంటు? కొత్త ప్లేయర్. పక్కనే యోసేపు. సైడు అవ్వగానే లేచే చెయ్యి.

సూది లేబుల్ వైపు జరుగుతోంది. ఇప్పుడు లేచి పాట ఆపి, తన అనుమానం తప్పయితే? మూడు నెలలు తిన్న ఇంట్లో ఆ పాపం చేసి మాస్టారి మొహం చూడగలడా? ఆ సిగ్గుతోనే అతను కుర్చీకి అతుక్కుపోయాడు. పియానో ఆఖరి మెట్టు మీద ఆగింది. చప్పట్లు కొట్టడానికి యోసేపుగారు చేతులెత్తారు.

ప్రేమ్ కిరణ్ దూకాడు. సూది ఉన్న చెయ్యి పట్టి లాగేశాడు. గర్ర్ ర్ ర్!

"నా రికార్డు!" మాస్టారి గొంతులోంచి ప్రాణం పోయిన కేక. ఆ డిస్కు మీద పడిన గీత యోసేపు తలరాతని తిరగరాసిందని ఆ క్షణాన ఎవరికీ తెలియదు.

"ప్లేయర్ అడుగున చూడండి సార్!"

యోసేపుగారు వంగి చూసి, నిదానంగా లేచారు. "బాబూ, కదలకు. పేలుడు మందు పెట్టి వైర్లు కలిపారు. ఆ చెయ్యి లోపలికి జరిగినా, స్టాండు మీద పెట్టినా పేలుద్ది. అలాగే గాల్లో పట్టుకో."

కేక విన్న చీఫ్ దళం తలుపు తోసుకొచ్చి, వచ్చీ రాగానే మాస్టారి చేతులు వెనక్కి విరిచింది. చిట్టెమ్మగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. "అయ్యో, ఆయన్నెందుకండీ! ఏం చేశాడాయన?"

"రిపోర్టు ఉందమ్మా" అన్నాడు చీఫ్.

"ఆయన కాదు సార్!" ప్రేమ్ కిరణ్ అరిచాడు. "ఆరాధనని ఆపండి!"

"ఆమె క్లియర్ అని రాశారుగా! ఈయన పేరే రాశారుగా! రాసిందెవరు?" అన్నాడు మాస్టారికి సంకెళ్ళేస్తున్న మనిషి.

ప్లేయర్ చెయ్యి వదల్లేడు. తల తిప్పుకోలేడు. అందరూ చూస్తుండగా, గాల్లో చెయ్యెత్తి నిలబడి చెప్పాడు: "నేనే. చూడకుండా రాశాను."

చిట్టెమ్మగారు అతని చొక్కాకి తను కుట్టిన బొత్తాం వైపు చూశారు. తిట్టినా బాగుండేది.

ఆరాధన కారు మాత్రం కదల్లేదు. డిపార్ట్‌మెంట్ వ్యాన్ ఎప్పట్లాగే దారికి అడ్డంగా ఉంది. జీవితంలో మొదటిసారి చెత్త పార్కింగ్ దేశానికి పనికొచ్చింది. దళం పట్టుకొచ్చిన ఆమెను చూసి చీఫ్ నీళ్ళు నమిలాడు. "ఈమె... మన మనిషేనోయ్. నీ మీద కన్నేసి ఉంచమని నేనే పంపాను."

"ఆ రింగ్ మనిషి కూడా సార్."

"అందరూ బయటికి!" అన్న చీఫ్ ఆ మాట పూర్తయ్యేలోగా గేటు దాటాడు. బాంబు స్క్వాడ్ విజయవాడ నుంచి రావాలి. మైలవరం దగ్గర ట్రాఫిక్ అట.

హాలు ఖాళీ అయింది. మాస్టారు చిట్టెమ్మగారిని పంపేసి, సంకెళ్ళు విప్పిన మణికట్లు రుద్దుకుంటూ వెనక్కి వచ్చారు.

"వెళ్ళిపోండి మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటా."

"ముందు ఆ చెయ్యి పట్టుకో. వణుకుతోంది." ఆయన దగ్గరికొచ్చి సూది కింద తన వేళ్ళు ఆనించారు. "కాసేపు నేను మోస్తాలే."

"మీకేమన్నా అయితే..."

"పర్లేదులే బాబూ. ఎలాగూ సస్పెక్టునేగా."

మొహం మార్చుకోవడం ఎలాగో డిపార్ట్‌మెంట్ ప్రేమ్ కిరణ్‌కి రకరకాలుగా నేర్పింది. ఇలాంటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం నేర్పలేదు.