దొంగగాలి

చిలకలగూడలో రజిత వాళ్ల సందు ఎంత ఇరుకంటే, ఎదురింటివాళ్లు పోపు పెడితే ఈ ఇంట్లో తుమ్ములు వస్తాయి. అలాంటి సందులో, రెండు స్కూటర్లు పెట్టుకోవాల్సిన రేకుల షెడ్డులో, పొట్టిగా, ఎర్రగా ఒక స్పోర్ట్స్ కారు ఉండేది. అరవైల నాటి విలాయతీ బండి. పైన గుడ్డ టాపు. లోపల రెండే సీట్లు. సంసారం చేసుకునేవాళ్లు కొనుక్కునే వస్తువు కాదది. రజిత మొగుడు విజయేందర్ కూడా కొనుక్కోలేదు. లాలాగూడలో ఉండే క్యారల్ అనే ఆవిడ పోతూ పోతూ ఆయన పేరున రాసిపోయింది.

రజిత కడుపుమంట అక్కడే మొదలైంది. పెళ్లికాని ఆడది పెళ్లయిన మగవాడికి కారెందుకు రాసిస్తుంది? గోడగడియారం ఇవ్వొచ్చు, బీరువా ఇవ్వొచ్చు. రెండు సీట్ల కారా!

"పెండ్లిగాక ముందు ఆమె ఇంట్ల వెనక రూములో కిరాయికున్న. డ్రైవింగ్ నేర్పింది. ఇంకేం లేదే తల్లీ," అనేవాడు విజయేందర్.

ఏమీ లేనిదాన్ని ఏమీ లేదని ఇన్నేళ్లపాటు ఎవరైనా చెప్తారా? రజిత పదో తరగతి దాటకపోయినా, పాత పుస్తకాల కొట్లన్నీ ఊడ్చి చదివిన మనిషి. మాటల మధ్య దాక్కున్నదాన్ని చెవి పట్టి బయటికి లాగడం ఆమెకు బాగా వచ్చు.

క్యారల్‌ని ఒకే ఒక్కసారి దగ్గరగా చూసింది. చివరి రోజుల్లో, ఊపిరితిత్తుల జబ్బుతో మంచం మీద ఉన్నప్పుడు. గదినిండా యుడికొలోన్ సెంటు వాసన. ఆ పూట మాట్లాడుతున్నంతసేపూ క్యారల్ బాగానే ఉంది. నవ్వేది, చేతులు తిప్పేది, మనిషిని "విజ్జీ, విజ్జీ" అని నమిలి మింగేసేది. ఊరికే పడుకుంటేనే తిప్పలు. ఒక పొడుగాటి ఊపిరి లాగేది. అది మధ్యలో ఎక్కడో చిక్కుకునేది. ఆ చిక్కు విడిపోవడానికి, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా దగ్గేది. మళ్లీ పొడుగాటి ఊపిరి.

రజితను కాల్చింది ఆ ఊపిరి కాదు. పక్కన కుర్చీలో కూర్చున్న విజయేందర్ ఛాతీ సరిగ్గా దాంతోపాటే లేచి, దాంతోపాటే ఆగి, దాంతోపాటే దిగడం.

సరే, మనిషి పోయింది. కారొచ్చింది. వచ్చిన కారుకు జబ్బుంది.

యాప్రాల్ వైపు ఖాళీ రోడ్డు దొరికితే బాణంలా పోయేది. స్పీడు తగ్గిందా, అంతే. సందు మలుపులో, సిగ్నల్ దగ్గర, న్యూట్రల్‌లో పెట్టి నిలబెట్టినప్పుడు వణికేది. గుటక మింగేది. చిన్నగా దగ్గి ఆగిపోయేది. విజయేందర్ ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు మార్చాడు, జెట్లు ఊదాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా షెడ్డులోకి దూరేవాడు. అన్నం చల్లారిపోయేది. రజిత నోరు మాత్రం చల్లారేది కాదు.

"ఆ బండన్న ఉండాలె, నేనన్న ఉండాలె. తేల్చు."

"స్లోల మంచిగ నడిచిన రోజు అమ్మేస్త. యాప్రాల్ మధుసూదన్ గారు తీసుకుంటమంటున్నరు," అన్నాడు ఆయన, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "గిట్ల రోగమున్న బండిని అమ్మితే క్యారల్ పేరు పాడైతది."

నా పేరేమైనా ఫరవాలేదన్నమాట, అనుకుంది రజిత.

ఒక సాయంత్రం చాయ్ ఇవ్వడానికి షెడ్డులోకి పోయింది. బండి నడుస్తోంది, తడబడుతోంది. బానెట్ ఎత్తి ఉంది. విజయేందర్ ఒక రబ్బరు గొట్టం కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజను దగ్గర పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చేతిలో స్పానర్ లేదు. ఏదీ బిగించడం లేదు, ఏదీ విప్పడం లేదు. ఉత్తగా వింటున్నాడు. పెదాల మీద నవ్వు. పెళ్లయిన కొత్తలో కూడా రజిత చూడని నవ్వు.

ఆయన ఛాతీ లేస్తోంది. ఆగుతోంది. దిగుతోంది.

ఆమె చాయ్ పారబోసి, మర్నాడు రాంగోపాల్‌పేట్‌లో ఉన్న మెకానిక్ నన్నే సాహెబ్ దగ్గరికి పోయింది. ఆయన పాత బండ్లవాడు, ఒకసారి ఈ కారును చూసినవాడే.

"చాచా, ఆ గొట్టం పెట్టుకుని ఏం వింటరు?"

"కార్బురేటర్లు రెండున్నయి గదా బేటీ. రెండూ ఒక్కతీరుగ గాలి గుంజాలె. గొట్టంతోని వింటే ఏదెంత గుంజుతుందో తెలుస్తది. ఇంకోటి సుత ఉంది. కార్బురేటర్ మూతి మీద అరచెయ్యి పెట్టి మూస్తే బండి బంద్ గావాలె. బంద్ గాకుంటే, ఎక్కడ్నో సందుల్నించి దొంగగాలి తాగుతుందన్నట్టు. జోరుమీదున్నప్పుడు తెల్వదు. స్లోల దొరికిపోతది."

"మరి దాన్ని ఎట్ల ఆపాలె?"

నన్నే సాహెబ్ వింతగా చూశాడు. "వెనక కార్బురేటర్ కింద ప్యాకింగు చినిగింది. కొత్తది ఎప్పుడో ఇచ్చిన గదా మీ ఆయనకు! ఎయ్యలేదా? జెర సేపట్ల అయిపోయే పని."

రజిత ఇంటికొచ్చి పనిముట్ల పెట్టె కుమ్మరించింది. అడుగున, యుడికొలోన్ వాసన వేసే ఒక ఆడవాళ్ల చేతిరుమాల్లో చుట్టి, విప్పని ప్యాకెట్. లోపల పల్చటి అట్టముక్క. రుమాలు మడతల నిండా దుమ్ము.

రోగం ఆయనకు తెలుసు. మందు చేతిలో ఉంది. వెయ్యలేదు. వేస్తే బండి అమ్మాలి... అమ్మితే వినడానికి ఏమీ ఉండదు.

ఆ సాయంత్రం విజయేందర్ ఇంకా రాలేదు. మబ్బు కమ్మి, దీపాలు పెట్టే వేళకు ముందే సందు నల్లబడింది. వాన రేకుల మీద దంచడం మొదలుపెట్టగానే కరెంటు పోయింది. స్టేషను వైపు ఒక రైలు కూత వేసి, తడిసిపోయినట్టు సగంలో ఆపేసింది. షెడ్డులో పాత తోలు సీట్ల వాసన, పెట్రోలు వాసన. వాటి కింద, సన్నగా, యుడికొలోన్.

రజిత సెల్‌ఫోన్ లైటు రేడియేటర్ మీద నిలబెట్టి, తాళం తిప్పింది. బండి లేచింది. వణికింది. ఆమె గొట్టం చెవిలో పెట్టుకుంది.

ముందు కార్బురేటర్. స్స్... అని తెగని ఈల. మరేం లేదు.

వెనకది.

పొడుగాటి ఊపిరి. మధ్యలో చిక్కు. చిన్న దగ్గు.

మళ్లీ పొడుగాటి ఊపిరి.

యంత్రమే కదా, చినిగిన అట్టముక్కే కదా అని తనకు తాను చెప్పుకుంది. నన్నే సాహెబ్ చెప్పినట్టు అరచెయ్యి ఆ మూతి మీద పెట్టింది. లోపలి గాలి చెయ్యిని మెత్తగా లాగి అంటిపెట్టుకుంది. బండి ఆగలేదు. పైగా వణుకు తగ్గి, తేలిగ్గా నడిచింది. దొంగగాలి ఉంది.

చెయ్యి తియ్యబోతుండగా బండి చిన్నగా దగ్గింది. ఇంజను ఆగింది. వాన చప్పుడొక్కటే.

చెయ్యి రాలేదు.

ఇంజను ఆగిపోయింది... అయినా ఆ మూతి చెయ్యిని వదలడం లేదు. వెచ్చగా... తడిగా... లాగుతోంది. రజిత కాలు బంపరుకు తన్నిపెట్టి గుంజింది. చెయ్యి ఊడొచ్చింది. అరచేతి నడుమ గుండ్రటి ఎర్ర మచ్చ.

చెవిలో గొట్టం ఇంకా ఉంది.

"విజ్జీ... ఉన్నవా?"

వేరే ఎవరైనా అయితే పారిపోయేవాళ్లే. రజిత కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ ఆ "విజ్జీ" అన్న ముద్దుపేరు విన్నాక భయం కంటే మంటే ముందు లేచింది. గొట్టం చెవిలోంచి తీసి, నోటి దగ్గర పెట్టుకుంది.

"లేడు. నేనున్న. ఆయన పెండ్లాన్ని."

మళ్లీ చెవికి పెట్టుకుంది. చిన్న దగ్గు. నవ్వులాంటి దగ్గు.

"రెండే సీట్లున్నయి, డియర్..."

"ఒకటి ఖాళీ చేయిస్త, ఉండు," అంది రజిత.

ఇంజను చల్లారేదాకా అక్కడే కూర్చుంది. రోజూ మొగుడు చేస్తుంటే చూసినట్టే నట్లు విప్పింది, కార్బురేటర్ వెనక్కి జరిపింది, చినిగిన ముక్కను గోళ్లతో గీకి పీకింది. కొత్త ప్యాకింగు పెట్టి, ఇటొక తిప్పు అటొక తిప్పు, పళ్లు బిగబట్టి బిగించింది. బిగిస్తున్నంతసేపూ లోపల్నించి గరగర. ఎవరి గొంతో నొక్కుతున్నట్టు. ఆఖరి తిప్పుకు అది కూడా ఆగింది. ఆమెకు జాలి వెయ్యలేదు. చేతులకు అంటిన నల్లటి మడ్డి కూడా ఆ క్షణాన గోరింటాకులా అనిపించింది.

విజయేందర్ వచ్చేసరికి బండి న్యూట్రల్‌లో నడుస్తోంది. ఒక్క వణుకు లేదు, ఒక్క దగ్గు లేదు. ఆయన తడిసిన గొడుగుతో షెడ్డు ముందు నిలబడి విన్నాడు. గొట్టం అందుకుని వెనక కార్బురేటర్ దగ్గర పెట్టాడు. చాలాసేపు వెతికాడు.

"ఏం జేసినవే?" అన్నాడు గుసగుసగా.

"స్లోల మంచిగ నడుస్తుంది. మధుసూదన్ గారికి ఫోన్ చెయ్యి."

ఆయన గొట్టం చెవిలోంచి తియ్యకుండానే ఒక పెద్ద ఊపిరి పీల్చాడు. పీల్చి... అలాగే ఉండిపోయాడు, గాలి బయటికి వదలడం మరిచిపోయినట్టు. అప్పుడు రజిత దాన్ని పట్టించుకోలేదు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకుంది.

కారు యాప్రాల్ వెళ్లిపోయింది. షెడ్డు కడిగి ముగ్గేసింది రజిత. విజయేందర్ వేళకు అన్నం తిన్నాడు, కూరగాయలు తెచ్చాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు. గెలిచానన్న సంతోషంతో ఆమె పాయసం కూడా చేసింది. అరచేతి మచ్చ మాత్రం పోలేదు. పసుపు రాసింది, కొబ్బరినూనె రాసింది. అంచులు ఇంకా ఎర్రబడ్డాయి.

ఆదివారం మధ్యాహ్నం. మళ్లీ ముసురు. భోజనం చేసి విజయేందర్ మంచం ఆ కొసన పడుకున్నాడు, ఈ కొసన రజిత. కిటికీ కర్టెన్ వేసిన గది బూడిదరంగులో ఉంది. ఆమెకు కునుకు పట్టబోతుండగా...

పొడుగాటి ఊపిరి.

మధ్యలో చిక్కు.

చిన్న దగ్గు.

కళ్లు తెరిచింది. ఆయన నిద్రలో ఉన్నాడు. పొద్దున మెట్లెక్కినప్పుడు బాగానే ఉన్నాడు. బస్సు వెనక పరుగెత్తినప్పుడు బాగానే ఉన్నాడు. ఊరికే పడుకుంటేనే... స్లోలోనే...

"ఏమయ్యా," అంది గుసగుసగా.

లేచి కూర్చుంది. ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా మచ్చ ఉన్న అరచెయ్యి ఆయన ముక్కూ నోరూ మీద పెట్టింది. మూసింది.

ఊపిరి ఆగాలి. ఆగి, ఆయన ఉలిక్కిపడి లేవాలి. లేచి తిట్టాలి. తిట్టయ్యా, నీ కాళ్లు మొక్కుతా...

ఆగలేదు.

ఛాతీ లేస్తూనే ఉంది. దిగుతూనే ఉంది. పైగా చిక్కు తగ్గింది. దగ్గు తగ్గింది. తేలిగ్గా, నింపాదిగా, వణుకు లేకుండా... ఆయన పెదాల మీద, ఆమె అరచేతి కింద, ఆ నవ్వు విచ్చుకోవడం చర్మానికి తగిలింది.

చెయ్యి తీసేసింది. గాలి ఎక్కడ్నుంచి వస్తోంది?

రబ్బరు గొట్టం అలమారా వెనక పడేసి ఉంది. తెచ్చి చెవిలో పెట్టుకుంది. రెండో కొస ఆయన ముక్కు దగ్గర పెట్టింది. నిశ్శబ్దం. గుండె మీద పెట్టింది. ఏమీ లేదు. మెడ దగ్గర, భుజం దగ్గర, వీపు పక్కన... ఏమీ లేదు. మెల్లగా ఇటు జరుపుకుంటూ వచ్చింది. తన దిండుకూ ఆయన దిండుకూ మధ్య దుప్పటి కొంచెం దిగబడి ఉంది. అక్కడ యుడికొలోన్ వాసన. అక్కడ గొట్టంలో, స్స్... అని పొడుగాటి ఊపిరి మొదలైంది.

గొట్టం వెనక్కి తీసుకోబోయింది.

రెండో కొసను ఎవరో పెదాలతో అందుకుని, మెత్తగా, తమవైపు లాగారు.